రెండు రెక్కల తలుపుకు మూడు బోల్టుల లాక్: ఒక వానకాలం చూశాక

ఈ సంక్రాంతికి మా వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంటివాళ్ళు పండక్కి టెక్కలి వెళ్ళారు. వాళ్ళు వేసిన తాళంకప్ప ఖరీదైనదే, దానికి గీత కూడా పడలేదు. గొళ్ళేన్నే ఇనుపరాడ్డుతో పెకలించి లోపలికి పోయారు. ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో పాత ఇళ్ళు చాలావరకు ఇలాంటివే. రెండు రెక్కల టేకు తలుపు, మధ్యలో గొళ్ళెం, దానికో కప్ప. శుభకార్యమంటే పాతపట్నమో శ్రీకాకుళమో పోతాం. బయట కప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని దారినపోయేవాడికి కూడా తెలిసిపోతుంది.

అందుకే తలుపు లోపలివైపు బిగించే రిమ్ లాక్ కొన్నాం. బజారులో రూ.3,200 పడింది. బయటికి తాళంచెవి పెట్టే రంధ్రం తప్ప ఏమీ కనబడదు. తిప్పితే మూడు లావు బోల్టులు బయటికొస్తాయి. చెవికి పళ్ళు ఉండవు, చిన్న చిన్న గుంటలుంటాయి. మామూలు తాళంచెవులు చేసే మిషన్ మీద దీనికి నకలు తియ్యడం కుదరదు.

లాక్ మంచిదే. కానీ నేనిచ్చే మార్కుల్లో సగం వడ్రంగి మేస్త్రికే. ఒంటి రెక్క తలుపైతే బోల్టులు దూరే పెట్టెను ద్వారబంధానికి బిగిస్తారు. మాది రెండు రెక్కలది కాబట్టి అది రెండో రెక్క మీదే కూర్చోవాలి. ఆ రెక్క కదిలిందంటే ఎంత గొప్ప లాక్ అయినా దండగే. మేస్త్రి ముందు ఆ రెక్కకున్న పాత సన్న గడియలు తీసేసి, పైన ద్వారబంధంలోకి, కింద గడపలోకి లోతుగా దిగే లావు టవర్ బోల్టులు వేశాడు. లాక్‌తో వచ్చిన పొట్టి స్క్రూలను పక్కన పెట్టేసి, రెక్క ఇవతలి నుంచి అవతలికి దూసుకుపోయే గుండుతల బోల్టులు పెట్టాడు. నట్లు లోపలివైపు ఉన్నాయి, బయట నున్నటి గుండు మాత్రమే. పానాతో పట్టడానికి కూడా దొరకదు. కూలి రూ.700 తీసుకున్నాడు. ఇంకో వంద అడిగినా ఆనందంగా ఇచ్చేదాన్ని.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి లోపలి నుంచి కూడా చెవితోనే తెరవాలి. రెండోదానికి లోపల నాబ్ ఉంటుంది. మా అత్తయ్య పగలంతా ఒక్కరే ఉంటారు. ఏ గ్యాస్ వాసనో పొగో వస్తే ఆవిడ తాళంచెవి వెతుక్కుంటూ నిలబడకూడదు. అందుకని నాబ్‌ది తీసుకున్నాం. అయితే మా తలుపు పక్కనే కిటికీ ఉంది, ఊచల మధ్య నుంచి చెయ్యి పెడితే నాబ్ అందుతుంది. ఆ కిటికీకి ఇనుప జాలీ కొట్టించాకే నా టెన్షన్ తగ్గింది. మీ ఇంట్లో కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

వానకాలంలో ఒక ఇబ్బంది వచ్చింది. చెక్క ఉబ్బి రెక్కలు సరిగ్గా కలవక బోల్టులు పట్టేశాయి. మేస్త్రి వచ్చి అంచును కాస్త చిత్రిక పట్టాక సర్దుకుంది. చెవి బిగుసుకుంటే కొబ్బరినూనె పొయ్యకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. పెన్సిల్ మొన గీకితే వచ్చే నల్లపొడి చాలు.

పాతపట్నంలో ఉండే మా ఆడపడుచు, ఊరెళ్ళేటప్పుడు చెబితే పోలీసులే ఇంట్లో కెమెరా పెడతారు కదా అంది. తాళం వేసిన ఇళ్ళమీద నిఘా పెట్టే ఆ ఎల్‌హెచ్‌ఎంఎస్ ఆంధ్ర పోలీసులది, సరిహద్దుకి ఇవతల ఒడిశాలో ఉన్న మాకు వర్తించదు. మేం పక్కింటివాళ్ళకు చెప్పి, స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్తాం.

పెరటి తలుపుకు మాత్రం ఇలాంటి లాక్ కొనలేదు. దాన్ని ఎప్పుడూ లోపలి నుంచే వేస్తాం కాబట్టి, గోడలో రెండు వైపులా కొక్కేలు దింపించి ఇనుప అడ్డగడియ వేయించాం. ఖర్చు లాక్‌లో సగం కూడా కాలేదు. వీధి తలుపుకు వేలు పోసి, పెరటి తలుపును చిన్న గడియకు వదిలేసిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి, వాళ్ళు ముందు అది చేయించుకుంటే మంచిది.