నెలనెలా చందా, వారానికో పూట సమయం: పిల్లల న్యాయసహాయానికి ఏది మేలు?

తిరుపతిలో పిల్లలకు ఉచిత న్యాయసలహా అందించే స్వచ్ఛంద సంస్థకు అండగా నిలవాలనుకునేవారు సాధారణంగా డబ్బు ఇవ్వాలా, సమయం ఇవ్వాలా అని ఆలోచిస్తారు.

చందాలో ముఖ్యం మొత్తం కాదు, క్రమం. పోక్సో కేసుల (పిల్లలపై లైంగిక నేరాల కేసుల) విచారణ వీలైనంతవరకు ఏడాదిలోగా ముగియాలని 2012 నాటి చట్టం చెబుతుంది. అంతకాలం కుటుంబానికి తోడుండాలంటే పుట్టినరోజున ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా అందే 500 రూపాయలే నాకు మేలనిపిస్తుంది. పన్ను మినహాయింపు కోరేవారు 2,000 రూపాయలు దాటిన విరాళాన్ని నగదుగా ఇవ్వకూడదు.

సమయం ఇవ్వడం ఇంతకంటే బరువైన బాధ్యత. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి బిడ్డకూ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. అయితే ఆ సంగతి తెలియని తల్లికి దాన్ని విడమరచి చెప్పి, అర్జీ రాసిపెట్టి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ దాకా వెంట నడిచే మనిషి కావాలి. చిత్తూరు సరిహద్దు మండలాల్లో తమిళం కూడా వచ్చినవారైతే ఆ సాయం మరింత విలువైనది. బిడ్డ పేరు, ఊరు ఎక్కడా బయటపెట్టకూడదన్న నియమం ఇంట్లో మాటలకూ వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

రెండు నెలలకే మానేస్తే, ఆ బిడ్డ తన బాధను మరో కొత్త మనిషికి మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఏడాదిపాటు నిలబడగలిగినవారు, ముఖ్యంగా న్యాయవాదులు, సమయమే ఇవ్వాలి; తక్కినవారికి చందాయే తగినది.