డిజోన్‌లో జడ్జిగారి పాత భవనంలో మూడు రాత్రులు

ముందే చెప్పేస్తాను, ఇది హోటల్ కాదండీ. ఇలాంటి ఇంటిని ఫ్రెంచివాళ్లు 'ఓటెల్ పర్తిక్యులియే' అంటారు, అంటే పట్నంలో ప్రభువులు సొంతానికి కట్టుకున్న భవనం. మనకు హోటల్ అంటే టిఫిన్ గుర్తొస్తుంది, వాళ్లు మునిసిపల్ ఆఫీసును కూడా 'ఓటెల్ ద విల్' అనే అంటారు. మా ఆయన ఆ బోర్డు చూసి సూట్‌కేసు లాక్కుంటూ నేరుగా అందులోకే వెళ్లబోయారు.

ప్యారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ దగ్గర టీజీవీ అనే వేగం రైలు ఎక్కితే గంటన్నర దాటి కాసేపటికి డిజోన్‌లో దిగిపోతాం. పాత ఊరికి స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. వీధిలోంచి చూస్తే ఈ ఇల్లు అసలు కనపడదు, ఎత్తైన గోడ, గుర్రబ్బండి పట్టేంత చెక్క తలుపు, అంతే. తలుపు దాటాక రాళ్లు పరిచిన ముంగిలి, దాని అవతల ఇల్లు, ఇంటి వెనక తోట. వీధి చప్పుడూ దుమ్మూ జనం కళ్లూ గుమ్మందాకా రాకూడదని అప్పటి డబ్బున్నవాళ్లంతా ఇలాగే కట్టించుకునేవారట.

మాకిచ్చింది మొదటి అంతస్తులో 'ప్రెసిడెంట్ గది'. దేశాధ్యక్షుడెవరో పడుకున్న గది కాబోలని మా ఆయన తెగ సంబరపడ్డారు. కాదు. 1477లో ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ డిజోన్ చుట్టుపక్కలున్న ఈ బర్గండీ ప్రాంతాన్ని కలిపేసుకున్నాక ఇక్కడ ఒక పార్లమెంటు పెట్టాడు. పేరు పార్లమెంటే గానీ అది చట్టాలు చేసే సభ కాదు, పెద్ద కోర్టు. అందులో పైస్థాయి జడ్జిలను ప్రెసిడెంట్లు అనేవారు, వాళ్లు నల్ల వెల్వెట్ టోపీ పెట్టుకునేవారు. ఆ పదవులు కొనుక్కునేవే! 1604 నుంచి ఏటా పదవి విలువలో అరవయ్యో వంతు కడుతూ ఉంటే కొడుక్కి కూడా దక్కేది. కత్తి పట్టిన వంశాలు వీళ్లని, జడ్జి గౌను వేసుకుంటారు కాబట్టి, గౌను ప్రభువులని కాస్త చిన్నచూపు చూసేవి. అయినా డిజోన్‌లో ఇన్ని భవనాలు లేచాయంటే ఈ గౌన్ల డబ్బు వల్లే.

ఇక నా గొడవ. గదిలో ఇంటి చరిత్రను అందంగా ఫ్రేము కట్టి పెట్టారు. విందులు, విగ్గులు, అమ్మాయిగారి పెళ్లి, అన్నీ ఉన్నాయి, తర్వాతి వాక్యంలో ఇల్లు గెస్ట్ హౌస్ అయిపోయింది. మధ్యలో ఫ్రెంచి విప్లవం అనేది జరిగినట్టే లేదు! కానీ గోడలు వేరే కథ చెబుతున్నాయి. పెద్ద తలుపు పైన రాతి డాలు ఉంది, అందులో వంశచిహ్నం మాత్రం లేదు, ఉలితో చెక్కేసిన గరుకు రాయి ఉంది. 1790 జూన్ 19న వంశపారంపర్య ప్రభువుల హోదాలతో పాటు ఈ చిహ్నాలను కూడా రద్దు చేశారు. ముంగిలి వైపు రెండు కిటికీలు రాళ్లతో మూసేసి ఉన్నాయి. 1798 నుంచి 1926 దాకా తలుపులకీ కిటికీలకీ పన్ను ఉండేది, లెక్కపెట్టి మరీ వేసేవారు, అందుకని జనం కిటికీలు మూయించేసేవారు.

మూడో రోజు పొద్దున వీటి గురించి అడిగితే ఇంటావిడ మొహం వెలిగిపోయింది. ఫ్రేములోది పాత యజమాని రాయించిందట. ఆవిడే చెప్పింది: ఇంటివాళ్లు విప్లవంలో దేశం విడిచి పారిపోయారు (ప్రభువుల్లో చాలామంది కదల్లేదు, వీళ్లు కదిలారు), దాంతో ఇల్లు జాతీయ ఆస్తి అయిపోయి వేలానికి వచ్చింది. ఒక బట్టల వ్యాపారి కొన్నాడు. అప్పట్లో వాయిదాల మీద, అసిన్యా అనే కాగితం డబ్బుతో కట్టేవారు, ఆ కాగితం విలువేమో రోజురోజుకీ పడిపోతుండేది, ముందు కొన్నవాడికి పంటే. పారిపోయిన కుటుంబాలకు 1825లో నష్టపరిహారం చట్టం వచ్చింది గానీ అమ్ముడైన ఇళ్లు మాత్రం వెనక్కి రాలేదు. ఈ ఇల్లు ఆ తర్వాత వాటాలుగా చీలిపోయి అద్దెకు నడిచింది, పెద్ద హాలు మధ్య అడ్డగోడ మచ్చ ఇప్పటికీ పార్కెట్ నేల మీద తెలుస్తుంది. ఇంత సరుకు పెట్టుకుని ఫ్రేములో పెళ్లి విందు రాసుకోవడమేంటో!

గది సంగతి. ఫోటోల్లో ఉన్నట్టే ఉంది, ఎత్తు సీలింగు, పాలరాతి నెగడు, దాని మీద సీలింగుదాకా అద్దం. నెగడు వెలగదు, అలంకారానికే. నవంబరులో ఆ ఎత్తంతా వేడెక్కేసరికి తెల్లారేది. కిటికీలకు ఒంటి గాజు, పాత భవనం కాబట్టి మార్చాలంటే వారసత్వ కట్టడాలు చూసే ప్రభుత్వ ఆర్కిటెక్టు ఒప్పుకోవాలట, అది ఎప్పటికయ్యేనో. బాత్రూమును బట్టల గదిలోంచి కోసి చేశారు, తలుపు తీస్తే సింకుకు తగులుతుంది. లిఫ్ట్ లేదు. రాత్రికి 145 యూరోలకు ఆ చలి నాకైతే ఎక్కువే.

మూడో రాత్రికి ఆ గది వేరేవాళ్లు బుక్ చేసుకున్నారని మమ్మల్ని పై కప్పు కింద, ఒకప్పటి పనివాళ్ల గదిలోకి మార్చారు. 90 యూరోలు. వెనకవైపు ఇరుకు మెట్లు, మా ఆయన తల రెండుసార్లు దూలానికి కొట్టుకుంది. కానీ వెచ్చగా ఉంది! చిన్న గది, చిన్న కిటికీ, బర్గండీ రంగురంగుల పెంకుల కప్పులు కనపడతాయి. నేను హాయిగా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

ఉదయం టిఫిన్ అద్దెలోనే, షాంబ్ర దోత్ అనే ఇలాంటి ఇంటి అతిథి గదులకు అది చట్టప్రకారం తప్పనిసరి, గదులు కూడా ఐదుకు మించకూడదు. అందుకే అందరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. బ్రెడ్డు, వెన్న, కాసిస్ అనే నల్లటి చిన్న పళ్ల జామ్, పాన్ దెపీస్ అనే మసాలా తేనె కేకు. కేకు రెండోసారి అడిగి తిన్నాను. టూరిస్టు పన్ను మాత్రం మనిషికి ఇంతని విడిగా కట్టాలి.

వెళ్తే పై గదే అడగండి. బుకింగ్ పేజీలో అది అన్నిటికన్నా చివర ఉంటుంది, ఫోటో కూడా పెట్టలేదు.