బోర్డుతో ఫైళ్లు పంచుకోవడానికి ఎన్‌ఎఫ్‌ఎస్ మేలా, సాంబా మేలా?

పాండాబోర్డ్ వంటి పాత మొబైల్ డెవలప్‌మెంట్ బోర్డులపై పని నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. రెండూ కంప్యూటరులోని ఫోల్డరును నెట్‌వర్క్ ద్వారా బోర్డుకు అందించే పద్ధతులే: ఎన్‌ఎఫ్‌ఎస్ యూనిక్స్, లినక్స్‌ల పద్ధతి; సాంబా వాడేది విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి అయిన ఎస్‌ఎంబీ. మార్చిన ప్రతిసారీ ఎస్‌డీ కార్డు తీసి, కంప్యూటరులో పెట్టి, కాపీ చేసి, మళ్లీ బోర్డులో పెట్టే శ్రమ ఎవరికైనా విసుగే. చాలామంది ముందుగా వేగం గురించి ఆరా తీస్తారు. పాండాబోర్డులో ఈథర్నెట్ యూఎస్‌బీ మీదుగా నడిచే 100 మెగాబిట్ల చిప్ గనుక రెండింటి వేగంలోని తేడాకు పెద్దగా విలువ లేదు. నా దృష్టిలో తేల్చుకోవలసింది ఒక్కటే: అమరికలో లోపముంటే అది ఎప్పుడు బయటపడుతుంది? మౌంట్ చేసేటప్పుడే, అంటే ఆ ఫోల్డరును బోర్డుకు తగిలించేటప్పుడే, బయటపడితే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. మౌంట్ సజావుగా అయి, ఆ తర్వాత ప్రోగ్రాము మొరాయిస్తే, తప్పు మన కోడ్‌లోనే ఉందనుకుని గంటల తరబడి వెతుకుతాము.

సాంబాతో వచ్చే చిక్కు ఈ రెండో రకానిదే. ఎస్‌ఎంబీ కొత్త వెర్షన్లలో మామూలుగా మౌంట్ చేసిన షేరులో ఫైళ్లన్నీ ఒకే యజమానివిగా, ఒకే రకం అనుమతులతో కనిపిస్తాయి. ప్రోగ్రామును దాని యజమాని హక్కులతో నడిపించే సెట్‌యూఐడీ గుర్తు బోర్డు దాకా రాదు, హార్డ్‌వేరును సూచించే డివైస్ ఫైళ్ల సంగతి చెప్పనక్కరలేదు. షేరు విండోస్ కంప్యూటరులో ఉంటే మరో చిక్కు ఉంది. లినక్స్ కెర్నెల్ సోర్సులో ఎక్స్‌టీ_మార్క్ అనే హెడర్ ఫైళ్లు రెండున్నాయి: ఒకదానిలో మార్క్ పెద్ద అక్షరాలలో, మరోదానిలో చిన్న అక్షరాలలో ఉంటుంది. ఆ తేడాను పట్టించుకోని డిస్కులో ఒకటి రెండోదాన్ని చెరిపేస్తుంది. బిల్డ్ ఆగినప్పుడు వచ్చే సందేశంలో షేరింగ్ ఊసే ఉండదు. అయితే సాంబాకూ న్యాయం చేయాలి. ఇంట్లో విండోస్ తప్ప మరొకటి లేనివారికి, బోర్డు నుంచి లాగ్‌లనో ఫోటోలనో తెచ్చుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. బోర్డులోని పాత కెర్నెల్ ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌తో అడుగుతుంటే, 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి సర్వర్ దాన్ని మామూలుగా ఒప్పుకోదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్ మొదట్లోనే కాళ్లకు అడ్డం పడుతుంది, అందుకే దానికి చెడ్డపేరు. కానీ ఆ అడ్డంకులు లెక్కపెట్టగలిగినన్నే. బిజీబాక్స్ (చిన్న బోర్డులలో వాడే ఆదేశాల కూర్పు) మౌంట్ చాలాసేపు కదలకుండా ఉండిపోతే, బోర్డులో ఫైళ్లకు తాళం వేసే లాకింగ్ సేవలు నడవడం లేదన్నమాట. నోలాక్ అనే ఆప్షన్ చేర్చితే సరిపోతుంది. మౌంట్ అయినా రూట్‌గా (సర్వాధికారాలున్న వాడుకరిగా) ఫైలు రాయనివ్వకపోతే, సర్వర్ మన రూట్‌ను నోబడీగా, అంటే హక్కులు లేని వాడుకరిగా, మార్చేస్తోందని అర్థం. ఏ ఫోల్డరు ఎవరికివ్వాలో సర్వర్‌లో రాసుకునే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో నో_రూట్_స్క్వాష్ రాసి, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ ఆదేశాన్ని మళ్లీ నడపాలి. పాత కెర్నెల్ తనంతట తాను యూడీపీ అనే రవాణా పద్ధతితో ప్రయత్నిస్తే కొత్త సర్వర్ జవాబివ్వదు గనుక, ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్, టీసీపీ రవాణా అని స్పష్టంగా అడగాలి. ఆ మూడో వెర్షన్‌కు 2049 ఒక్కటే కాక 111వ పోర్టూ, మౌంట్ అభ్యర్థనలు చూసే మౌంట్‌డీ వాడే పోర్టూ సర్వర్ ఫైర్‌వాల్‌లో తెరిచి ఉండాలి.

పాండాబోర్డులో ఎదురయ్యే సమస్య మరొకటి ఉంది. మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్‌లో బోర్డు గుర్తింపు సంఖ్య) దాచుకునే ఈప్రామ్ అనే మెమరీ చిప్ ఇందులో లేకపోవడంతో, కొన్ని కెర్నెళ్లలో బూట్ అయిన ప్రతిసారీ కొత్త మ్యాక్ పుడుతుంది, రౌటర్ కొత్త ఐపీ ఇస్తుంది. ఎక్స్‌పోర్ట్స్‌లో పాత ఐపీ రాసి ఉంటే నిన్న పనిచేసిన మౌంట్ నేడు నిరాకరణకు గురవుతుంది. బోర్డుకు స్థిరమైన ఐపీ ఇవ్వడమో, ఎక్స్‌పోర్ట్స్‌లో సబ్‌నెట్ (ఆ నెట్‌వర్క్‌లోని ఐపీల వరుస) మొత్తం రాయడమో చేస్తే ఈ బాధ ఉండదు. రూట్ ఫైల్‌సిస్టమ్‌నే, అంటే బోర్డు సిస్టమ్ ఫైళ్లన్నిటినీ, నెట్‌వర్క్ మీద పెట్టదలచినవారు ఆ ఈథర్నెట్ డ్రైవరును మాడ్యూలుగా (విడి ఫైలుగా) కాక కెర్నెల్‌లోనే కలిపి బిల్డ్ చేయాలి. మాడ్యూలు ఉన్న డిస్కు చేరడానికే ఆ డ్రైవరు కావాలి కదా!

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నాకు నచ్చనిది, సర్వర్‌గా ఉన్న ల్యాప్‌టాప్ నిద్రలోకి జారితే ఆ షేరును ముట్టుకున్న ప్రతి ప్రోగ్రామూ బిగుసుకుపోవడం. కొంతసేపటికి ప్రయత్నం మానేసే సాఫ్ట్ ఆప్షన్‌తో దాన్ని తప్పించవచ్చు గానీ, రాస్తున్న ఫైలు సగంలో చెడిపోయే ప్రమాదముంది కాబట్టి ల్యాప్‌టాప్ నిద్రపోకుండా చూసుకోవడమే నా పద్ధతి.

ఈ రెండూ కాక, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మీదుగానే ఫోల్డరును మౌంట్ చేసే ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ కూడా ఉంది. దానికి బోర్డు కెర్నెల్‌లో ఫ్యూజ్ అనే సదుపాయం ఉండాలి; ఎప్పుడో ఒక ఫైలు సవరించుకోవడానికి అది చాలు. టీఎఫ్‌టీపీ అనే సులువైన ఫైలు బదిలీ పద్ధతి కెర్నెల్ ఇమేజీని బోర్డుకు అందించడానికే గాని, ఫోల్డరు పంచుకోవడానికి కాదు.