ఆటోబియాంకి ఏ112 అబార్త్: కొన్నేళ్ళు నడిపాక చెబుతున్న మాట

మన దగ్గర పాత ఫియట్ అంటే ప్రీమియర్ పద్మినియే. 1089 సీసీ ఇంజిను, నలభై చిల్లర హార్స్‌పవర్. దాదాపు అంతే ఇంజినుని అంతకంటే బాగా తేలికైన కారులో పెట్టి, 70 హార్స్‌పవర్ రాబడితే ఎలా ఉంటుందో, ఆటోబియాంకి అనే ఇటలీ కంపెనీ చేసిన చిన్న కారు ఏ112 అబార్త్ నడిపితే తెలుస్తుంది. ఉద్యోగరీత్యా మిలాన్‌కి ఉత్తరాన ఉంటున్నాను. నాది 1981 మోడల్. ఆఫీసుకి వేరే కారు ఉంది, దీన్ని బయటికి తీసేది శని, ఆదివారాలే. అదీ వాన లేకపోతేనే.

ఈ కారు పుట్టిన దేసియో మా ఊరికి దగ్గరే. సైకిళ్ళ బియాంకి, ఫియట్, టైర్ల పిరెల్లీ కలిసి 1955లో ఆటోబియాంకిని పెట్టాయి. కంపెనీ చిన్నది. ఫియట్ తన పేరు మీద చేయడానికి జంకిన ప్రయోగాలన్నీ ముందు దీని పేరు మీద చేసి చూసింది. ఇంజిను అడ్డంగా, ముందు చక్రాలకే పవర్ అనే పద్ధతి ఫియట్‌లో 1964లో ప్రిములా అనే ఆటోబియాంకి కారుతో ఇలాగే మొదలైంది. 1969లో ఏ112 వచ్చింది, ఆ తర్వాతే ఫియట్ 127. ఏ112 బొమ్మ గీసింది బెర్తోనే అనే డిజైన్ సంస్థలో పనిచేసిన మార్చెల్లో గాందీని, లాంబోర్గిని మ్యూరా గీసిన చెయ్యి. అబార్త్ అంటే ఫియట్ కార్లకి పదునుపెట్టి వేగం పెంచే సంస్థ. దాని వెర్షన్ 1971లో 982 సీసీ, 58 హార్స్‌పవర్‌తో మొదలై, 1975కి 1049 సీసీ, 70 హార్స్‌పవర్‌కి చేరింది. ఐదో గేరు 1979లో వచ్చింది.

పొడవు మూడుంపావు మీటర్లు, బరువు ఏడు వందల కిలోల చిల్లర. కాగితం మీద 70 హార్స్‌పవర్ ఇవాళ ఎవరికీ ఆనదు. నేను మొదట నడిపినప్పుడు కూడా "ఇంతేనా" అనిపించింది, సిటీలో రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర నడిపాను కాబట్టి. కింద దీనికి ఊపు లేదు. కార్బురేటర్‌కి రెండు గొంతులు. పెడల్ సగం దాటాక రెండోది తెరుచుకుంటుంది, అప్పుడు ఇంజిను గురగుర కాస్తా గరగరలోకి మారి, నాలుగు వేల నుంచి ఆరున్నర వేల దాకా ఆగకుండా లాగుతుంది. ఆ శబ్దం కోసమే ఊరికే ఒక గేరు తగ్గించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

దీని అసలు బడి ఘాట్ రోడ్డు. కాన్జో, అస్సో మీదుగా గిసాల్లో కొండెక్కి బెల్లాజియో వైపు దిగే రోడ్డు ఒకటుంది, సైక్లిస్టులకి పుణ్యక్షేత్రం లాంటిది. అక్కడ సెకండ్, థర్డ్ తప్ప వేరే గేర్లతో పని ఉండదు. మలుపులో కాస్త ఎక్కువ వేగంగా దిగి, ఆక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే చాలు, ముక్కు దానంతటదే లోపలికి తిరుగుతుంది. వెనక అడ్డంగా ఉన్న కమాన్ పట్టీ చూడ్డానికి పాతకాలపు ఏర్పాటే, కానీ దానివల్ల బండి ఒక పక్కకి ఒరగడం తక్కువ. స్టీరింగ్‌కి పవర్ లేదు. పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి, కదిలాక రోడ్డు మీద గరుకు ఎక్కడుందో వేళ్ళకి తెలిసిపోతుంది. ఇదంతా గంటకి డెబ్బై కిలోమీటర్ల లోపే. లైసెన్సుకి ప్రమాదం లేకుండా ఇంత సంబరం ఇచ్చే కారు నేను ఇంకోటి నడపలేదు.

హైవే మాత్రం దీనికి పడదు. ఐదో గేరులో కూడా నూట ఇరవై దగ్గర పక్కవాళ్ళతో అరిచి మాట్లాడాలి. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, తలుపు మందం చూస్తే నవ్వొస్తుంది. లారీ పక్కన వెళ్తుంటే నిజంగా టెన్షనే. మా ఆవిడ హైవే అంటే ఎక్కనని తేల్చి చెప్పేసింది. అది న్యాయమే. వెనక సీటు పిల్లలకి సరిపోతుంది, ఆరడుగుల మనిషికి సరిపోదు.

చలికాలం స్టార్ట్ చేయడం ఒక తంతు. చోక్ పూర్తిగా లాగి, స్టార్టయ్యాక కొంచెం కొంచెంగా వదలాలి. నూనె వేడి చూపించే మీటరు డాష్‌బోర్డులో ఉంది, అది కదిలేదాకా ఇంజినుని గట్టిగా తొక్కకూడదు. నా బండిలో చల్లగా ఉన్నప్పుడు సెకండ్ గేరు మొరాయిస్తుంది. గేర్‌బాక్స్ వేడెక్కితే మామూలైపోతుంది. నలభై ఏళ్ళు దాటిన బండిని అంతకంటే అడగలేం. మైలేజీ నెమ్మదిగా వెళ్తే లీటరుకి పధ్నాలుగు, కొండ మీద పది కూడా రాదు.

ఇంజిను సామాన్లకి ఇటలీలో కరువు లేదు, చాలావరకు ఆ కాలపు ఫియట్లతో కలుస్తాయి. లోపలి సామాన్లే ఏడిపిస్తాయి: సీటు గుడ్డ, డాష్‌బోర్డు ప్లాస్టిక్, తలుపు రబ్బర్లు. ఒక చిన్న రబ్బరు ముక్క కోసం నెలలు తిరగాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటింది కాబట్టి మామూలు రోడ్డు పన్ను లేదు, రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పెట్రోల్ పోయించుకుంటుంటే ఎవరో ఒక పెద్దాయన వచ్చి, వాళ్ళ ఆవిడకి ఇలాంటిదే ఉండేదని మొదలుపెడతాడు. పావుగంట అదనంగా పెట్టుకుని బయల్దేరాలి.

కొనాలనుకునేవాళ్ళు ఇంజిను చూసి మురిసిపోవద్దు. ఇంజిను మళ్ళీ కట్టించుకోవచ్చు, టింకరింగ్ పనికి మాత్రం కారు ధరంత ఖర్చవుతుంది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాత రేకుని అది కిందినుంచి తినేస్తుంది. నాకు ముందున్న ఓనర్ ఎడమవైపు తలుపు కింద లప్పం పెట్టి రంగు కొట్టించాడు. అది చూపించి ధర తగ్గించుకున్నాను, తగ్గించినదంతా ఆ రేకు మార్పించడానికే పోయింది. మంచి కండిషన్‌లో ఉన్న అబార్త్‌లు ఇప్పుడు పదివేల యూరోలు దాటాయి, కాబట్టి తొందరపడి అడ్వాన్సు ఇవ్వకండి. ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి, రేకు బదులు లప్పం ఉన్నచోట అది అంటుకోదు. తలుపుల కింది రేకు మీద, వెనక చక్రాల చుట్టూ, ముందు అద్దం అంచుల దగ్గర పెట్టి చూడండి. లోపలి కార్పెట్ ఎత్తనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి.