నాలుగేళ్లు సైకిల్ లేన్‌లో తొక్కాక: దిమ్మెలకి 4 స్టార్లు, గీతకి ఒకటి

వారంలో నాలుగు రోజులు ఆఫీసుకి సైకిల్ మీద, ఒక రోజు కారులో, నాలుగేళ్లుగా ఇదే లెక్క. దారి ఒకటే, 7 కిలోమీటర్లు. కాబట్టి ఈ సైకిల్ లేన్‌ని లోపల తొక్కుతూ చూశాను, పక్కన స్టీరింగ్ పట్టుకుని తిట్టుకుంటూ కూడా చూశాను.

మొదటి 4 కిలోమీటర్లు రోడ్డుకీ లేన్‌కీ మధ్య సిమెంటు దిమ్మెలున్నాయి. మిగతా 3 కిలోమీటర్లు తెల్ల గీత, లోపల అక్కడక్కడా సైకిల్ బొమ్మ, అంతే. దిమ్మెలున్నంత సేపూ ఏదో ఆలోచించుకుంటూ తొక్కేస్తాను. గీత మొదలైందంటే మెడ వెనక్కి తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ గీత లోపలి జాగా పార్కింగ్ కోసమే అని చాలామంది అనుకుంటారు. "రెండు నిమిషాలేనండీ" అంటారు, వాళ్ల రెండు నిమిషాల కోసం నేను బస్సు ముందుకు పోవాలి.

రెండో ఏడు అక్కడే పడ్డాను. ఆగి ఉన్న కారు డోర్ ఒక్కసారిగా తెరుచుకుంది, హ్యాండిల్ చివర తగిలింది, మోచేయి చెక్కుకుపోయింది. ఆయన పాపం నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. డోర్ పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు బయటికొస్తుంది, అక్కడ లేన్ వెడల్పేమో మీటరున్నర, ఇంక నేనెక్కడ తొక్కాలి? నెదర్లాండ్స్‌లో కారు డోర్‌ని దానికి దూరంగా ఉన్న చేత్తో తీయమంటారు, అలా తీస్తే భుజం తిరుగుతుంది, చూపు దానంతటదే వెనక్కి పోతుంది. అప్పట్నుంచీ కారులో నేనూ అలాగే తీస్తున్నా.

దిమ్మెల లేన్‌కీ రోగాలున్నాయి. ఊడ్చే బండి లోపలికి పట్టదు, గాజు పెంకులూ ఇసుకా అక్కడే పేరుకుపోతాయి. మొదటి ఏడాది 9 పంక్చర్లు. ఒక చోట డ్రైన్ జాలీ కమ్మీలు చక్రం వెళ్లే దిశలోనే ఉండేవి, సన్న టైరు ఇరుక్కుంటే ఎగిరి పడడమే. ఎనిమిది నెలలు ఫిర్యాదులు పెడితే ఒకరోజు వచ్చి అదే జాలీని అడ్డంగా తిప్పి బిగించి వెళ్లారు, పది నిమిషాల పని! ఇక జంక్షన్ వచ్చేసరికి దిమ్మెలూ ఉండవు, గీతా ఉండదు, మలుపు తిరిగే కార్లకి అడ్డంగా వెళ్లాల్సిన చోటే మన ఖర్మకి మనల్ని వదిలేస్తారు.

కారు సంగతి. లేన్ కోసం కార్ల వరస ఒకటి తీసేసినప్పుడు నేనూ గొణిగాను. మొదటి నెల పది నిమిషాలు ఎక్కువ పట్టింది, ఇప్పుడు సాయంత్రం పూట మూడు నాలుగు. రెండు సిగ్నళ్ల మధ్యలో ఎన్ని వరసలున్నా సిగ్నల్ ఒక్కసారికి వదిలే బండ్లు ఇన్నే కదా. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేని వెడల్పు చేసి కొన్ని చోట్ల 20 వరసలు దాటించారు, అయినా కొన్నేళ్లకే మళ్లీ జామ్.

అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం లెక్కలో కార్ల వరస ఒకటి గంటకి 600 నుంచి 1,600 మందిని మోస్తే, రానూ పోనూ రెండు దిశల్లోనూ తొక్కే రక్షిత సైకిల్ దారి 7,500 మందిని మోయగలదు. వినడానికి బాగుంది గానీ ఆ 7,500 మంది రావాలిగా? మా దగ్గర ఒక సిగ్నల్‌కి ఐదారుగురం. ఖాళీగా ఉన్న లేన్‌ని చూసి కార్ల వాళ్లకి మండుతుందంటే మండదా మరి! స్పెయిన్‌లోని సెవిల్ 2006 నుంచి కొన్నేళ్లలోనే సుమారు 120 కిలోమీటర్లు ఒకదానితో ఒకటి కలిసేలా, కార్లకి విడిగా వేసింది, సైకిళ్లు కొన్ని రెట్లు పెరిగాయి. ఇక్కడేమో ముక్కలు ముక్కలు.

మా ఆవిడా సైకిల్ కొంది. దిమ్మెలున్నంత దూరం నాతోనే వస్తుంది. గీత మొదలయ్యే చోట సైకిల్‌ని స్తంభానికి కట్టి తాళం వేసి, బస్సెక్కి నాకంటే ముందు వెళ్లిపోతుంది.