ఒక్క కోతా, విడతల కోతా: అజేలియా బోన్సాయ్‌కి ఏది మేలు?

అట్లాంటా శివార్లలో మేము ఇల్లు కొనే నాటికే ముందు కిటికీ కింద మూడు అజేలియా పొదలు ఉన్నాయి. అంతకుముందు ఉన్నవారు ఏళ్ళ తరబడి పైపైన కత్తెర వేస్తూ వచ్చారు కాబట్టి బయటికి బోర్లించిన గంపల్లా గుండ్రంగా, పచ్చగా కనిపించేవి. ఆకులు పక్కకు తొలగించి చూస్తే లోపలంతా బోడి కొమ్మల చిక్కు. నేల దగ్గర మాత్రం మణికట్టంత లావు బోదెలు, వాటి కింద నలువైపులా పరుచుకున్న వేళ్ళు. చెట్టును కుండీలో పొట్టిగా తీర్చి పెంచే బోన్సాయ్ పిచ్చి ఉన్నవాడికి అలాంటి బోదె ఒక్కసారి కనబడితే పైనున్న చెట్టంతా అడ్డుగానే తోస్తుంది.

మూడింటిలో ఒకదాన్ని ఒకే పూటలో జానెడు మోడుగా కోసేశాను. రెండోదాన్ని మూడు వసంతాల్లో, మూడు విడతలుగా దించాను. మూడోదాన్ని ముట్టుకోలేదు. అప్పుడు మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. మొదటి మోడు చూసి, “పూలు పూసే చెట్టును ఇలా చేస్తారా ఎవరైనా? ఏమిరా నువ్వు చేసిన పని?” అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండో పొద సగం పూలతో ఉంది కాబట్టి ఆమె దృష్టిలో విడతల కోతే మేలు. నా దృష్టిలో కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ చెట్టు స్వభావం చెప్పాలి.

అజేలియాలు రోడోడెండ్రాన్ ప్రజాతికి చెందినవి. బోన్సాయ్‌లో పేరు మోసిన సత్సుకి రకాలకు మూలమైన ఒక జాతి శాస్త్రీయ నామంలో ‘ఇండికం’ అని ఉంటుంది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ‘ఇండికా’ నుంచి వచ్చిన ఆ మాట చూసి మన దేశపు మొక్క అనుకోవద్దు, దాని పుట్టిల్లు జపాన్. సత్సుకి అంటే జపాన్ పాత పంచాంగంలో ఐదో నెల, మన లెక్కలో ఇంచుమించు జ్యేష్ఠం. మిగతా అజేలియాలు పూసి రాలిపోయాక ఇవి పూస్తాయి. నా పొదలు సత్సుకి కావు. చిన్న ఆకు, చిన్న పువ్వు, ఏప్రిల్ మొదట్లోనే ఆకు కనబడనంతగా పూత. చూడగా కురుమే రకం. క్యుషు దీవిలోని కురుమే పట్టణం నుంచి 1918లో మొక్కల సేకర్త ఎర్నెస్ట్ విల్సన్ ఏరిన 50 రకాలు బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటకు చేరాయి. ఆ తర్వాత ఈ రకం అమెరికా పెరళ్ళలో బాగా పాకింది. అరచేతిలో సగం ఉండే పువ్వులతో పెరిగే అమెరికా దక్షిణాది పెద్ద రకాలు కూడా ఇక్కడ వీధికొకటి కనిపిస్తాయి. వాటి బోదె ఎంత ఊరించినా బోన్సాయ్‌కి నేను తీసుకోను. చెట్టు కుదించినంతగా పువ్వు కుదించుకోదు.

ఇక అసలు స్వభావం. వేప, మామిడి, రావి, ఏదైనా సరే, బలం పైకి ఎగదన్నుతుంది. కొస ముందు, అడుగు వెనుక. అజేలియా అందుకు తలకిందులు. అది పొద. దాని బలమంతా అడుగున ఉంటుంది, తల బలహీనం. ఊరికే వదిలేస్తే మొదట్లోంచి పిలకలు లేపుకుంటూ పక్కలకు సాగుతుంది. అందుకే సత్సుకి పెంచేవారు కింది కొమ్మలను గట్టిగా కత్తిరిస్తారు, పైకొమ్మలను కొంచెం బొద్దుగా ఉంచుతారు. ఇంకో మంచి గుణం, ముదురు బోదె మీద కూడా బెరడు కింద నిద్రపోయే కళ్ళు ఉంటాయి. పైన ఆకు పోయి, కింద వేరు గట్టిగా ఉంటే ఆకు ఎరుగని చోట కూడా చిగురు పొడుస్తుంది. ఇదంతా ఆకు రాల్చని రకాల మాట. మేముండే జార్జియా రాష్ట్రపు అడవుల్లో ఉండే ఆకు రాల్చే అజేలియాల మీద నేను రంపం పెట్టను.

ముందు ఒక్క కోత సంగతి. ఫిబ్రవరి చివర, మొగ్గ ఇంకా ముడుచుకుని ఉండగా కోశాను. ఆకు ఒక్కటి కూడా మిగల్చలేదు. మార్చి అంతా ఏమీ లేదు. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్ళి మోడు ముందు కూర్చోవడం, గోటితో బెరడు గీకి పచ్చదనం చూసుకోవడం, ఇంట్లోవాళ్ళు నవ్వుకోవడం. ఆరో వారం దాటాక ఆవగింజంత ఎర్రటి చుక్కలు బెరడు మీద లేచాయి. మరో రెండు వారాలకు ఎక్కడ పడితే అక్కడ, లెక్కపెట్టలేనన్ని. జూన్‌కల్లా మోడు కనబడకుండా గుబురైంది.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. అజేలియా ఒక్కో చోట నాలుగైదు రెమ్మలను గుత్తిగా తోస్తుంది. వాటిని అలాగే వదిలితే ఆ చోటు ఉబ్బి బుడిపె కడుతుంది, ఆ బుడిపె ఇక పోదు. కాబట్టి చోటుకు రెండు చొప్పున ఉంచి మిగతావి గిల్లేయాలి. అయితే తొలి ఏడాది తొందరపడకూడదు. చిగురించిన ప్రతి ఆకూ వేరుకు అన్నం పెడుతోంది. నేను మొదటి వేసవి అంతా పెరగనిచ్చి, రెండో వసంతంలో ఏరాను. ఎక్కడ కొమ్మ కావాలో అక్కడ చిగురు దొరకడం, అదీ బోదె మీద నుంచే సన్నగా మొదలై మన చేతిలో లావెక్కడం, ఒక్క కోత ఇచ్చే వరం. పాత కొమ్మ ఎంత వంచినా అలా కాదు. అజేలియా కలప పెళుసు, తీగ చుట్టి వంచితే పంగల దగ్గర చీలుతుంది.

నష్టం లేదా అంటే ఉంది. చెప్పాను కదా, తల బలహీనమని. నా మోడు పైకొసన ఒక బెత్తెడు మేర కళ్ళే రాలేదు. ఎండిపోయింది. పిలకలు మాత్రం నేల నుంచి ఈటెల్లా లేచాయి. చెట్టు తన పద్ధతిలో తాను ఆలోచించింది, నేనే దాన్ని వేప అనుకుని కోశాను. కావలసిన ఎత్తుకన్నా రెండు అంగుళాలు పైన కోసి ఉంటే ఆ ఎండు ముక్క తర్వాత తీసేసేవాణ్ణి. అంతకన్నా మంచి ఉపాయం, కొసన ఆకులున్న ఒక్క రెమ్మను వదిలేయడం. ఆ రెమ్మ రసాన్ని పైదాకా లాగుతుంది, కళ్ళు బోదె పొడుగునా లేస్తాయి. పని తీరాక దాన్నీ తీసేయవచ్చు. ఇది నాకు తెలిసే సరికి ఆలస్యమైంది.

నీటి దగ్గర కూడా తప్పు చేయబోయాను. ఆకు లేని మోడు నీరు తాగదు. జాలిపడి రోజూ పోస్తే సన్నవేళ్ళు కుళ్ళుతాయి, మనమేమో కోత వల్ల చచ్చిపోయిందని అనుకుంటాం. చిగుళ్ళు విచ్చేదాకా మట్టి కొంచెం ఆరనిచ్చి తడపాలి, ఎరువు ఊసు ఎత్తకూడదు.

ఇప్పుడు విడతల కోత. చెప్పడానికి చాలా మర్యాదగా ఉంటుంది: ఈ ఏడాది మూడోవంతు కొమ్మలు, వచ్చే ఏడాది మరో మూడోవంతు, ఆ పై ఏడాది మిగతాది. ఆకులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వేరుకు ఆకలి లేదు. పూలూ ఉంటాయి, అమ్మలకు కోపమూ రాదు.

కానీ మిగిలిన ఆకులే కోసిన వైపుకు శత్రువులు. ఆకున్న కొమ్మలు వేరు పంపినదంతా లాగేసుకుంటాయి, పైగా నీడ వేస్తాయి. నేను మొదట ఉత్తరం వైపు కొమ్మలు మూడు మొదలంటా కోశాను. ఒకదాని మీద నీరసంగా నాలుగు చిగుళ్ళు వచ్చాయి. రెండోది చాలా కాలం ఆలోచించి ఒకటి తోసింది. మూడోది ఎండింది. అది ఎండటంతో పోలేదు, దాని కిందుగా బోదె మీద ఒక పట్టీ మేర బెరడు గోధుమరంగుకు తిరిగింది. అజేలియాలో ఒక్కో కొమ్మకు దాని కిందనున్న వేళ్ళతో ప్రత్యేక బంధుత్వం ఉంటుంది. కొమ్మ పూర్తిగా పోతే ఆ దారి మొత్తం ఎండవచ్చు. బోన్సాయ్‌లో వాడే జునిపర్ అనే సూదాకు చెట్టులో అయితే ఆ ఎండు భాగాన్ని చెక్కి తెల్లగా మెరిపించి అందం అంటారు. అజేలియా కలప అలా నిలవదు, పుచ్చిపోతుంది.

తర్వాతి విడతల్లో పద్ధతి మార్చాను. కొమ్మను మొదలంటా తీయకుండా, లోపలివైపు ఎక్కడో ఉన్న చిన్న ఆకుల రెమ్మ దాకా వెనక్కి కోశాను. ఆ కొమ్మలు ఒక్కటీ చావలేదు. కాబట్టి విడతల కోతలో నేర్చుకోవలసిందేమైనా ఉంటే ఇదే: ఏడాదికి ఎన్ని కొమ్మలు అన్న లెక్క కన్నా, కోసిన ప్రతి కొమ్మ మీదా నాలుగు ఆకులు మిగిలాయా అన్నది ముఖ్యం. అయితే ఏళ్ళుగా పైపైన కత్తిరించిన పెరటి పొదల్లో లోపలివైపు ఆకే ఉండదు. ఆ రెమ్మ ఉన్నవాడికి విడతల కోత, లేనివాడికి ఒక్క కోత అని ఇక్కడే సగం తీర్పు అయిపోతుంది.

మిగతా సగం తీర్పు చెట్టు ఎక్కడుందన్న దాన్ని బట్టి. నేలలో పాతుకుని ఏళ్ళుగా ఏపుగా ఉన్న పొదకు ఒక్క కోతే ఇస్తాను, మరో ఆలోచన లేదు. ఈ ప్రాంతపు ఎర్రమట్టి ఆమ్లగుణం కలది, అజేలియాకు నచ్చుతుంది. వేళ్ళ నిండా నిల్వ ఉంటుంది. కోసి, ఏడాది పాటు నేలలోనే చిగురించనిచ్చి, మరుసటి వసంతంలో తవ్వాలి. అజేలియా వేళ్ళు పీచులా, వెంట్రుకల్లా ఉండి లోతుకు పోకుండా పైపొరలోనే చాపలా అల్లుకుంటాయి. పార పక్కనుంచి దూర్చి లేపితే చాప చుట్టినట్టు వస్తుంది. అదే రోజు తవ్వి అదే రోజు మోడు చేసేవారూ ఉన్నారు, చాలాసార్లు బతుకుతుంది కూడా. ఇల్లు అమ్మేస్తున్నారు, రేపు పొద పీకేస్తారు అంటే నేనూ అదే చేస్తాను. తొందర లేనప్పుడు పైదీ కిందిదీ ఒకే ఏడాది కోయడానికి నాకు చేయి రాదు.

కుండీలో ఉన్నదైతే విడతలే. కుండీ వేరులో అంత నిల్వ ఉండదు. మరీ ముఖ్యంగా ఎవరో పదిహేనేళ్ళు పెంచి కొమ్మలు తీర్చిన సత్సుకిని డబ్బు పోసి కొన్నవారు రంపం జోలికి పోకుండా ఉండటమే మంచిది. జపాన్‌లో పాత సత్సుకి కొమ్మలన్నీ తీసి బోదె మీద కొత్తవి పెంచడం కొత్తేమీ కాదు, కానీ వారి చేతికి ఆ అలవాటు ఉంది. అక్కడ వాడే మట్టి పేరు కనుమ. వినగానే మనకు సంక్రాంతి మూడో రోజు గుర్తొస్తుంది, నిజానికి తోచిగి ప్రాంతంలోని ఒక పట్టణం పేరది. పసుపుపచ్చ అగ్నిపర్వతపు గింజలు, తేలిక, ఆమ్లగుణం. తడి ఉంటే ముదురు పసుపు, ఆరితే పాలిపోతుంది కాబట్టి నీరు ఎప్పుడు పోయాలో మట్టే చెబుతుంది. అది దొరకనిచోట పైన్ చెట్టు బెరడు తురుము, పెర్లైట్ కలిపి నెట్టుకొస్తున్నాం.

పూల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఒక్క కోత అంటే రెండు మూడేళ్ళు పూత మీద ఆశ వదులుకోవాలి. వచ్చే ఏడాది మొగ్గలు ఈ వేసవి నడుమనే కట్టేస్తాయి, మనమేమో ఆ వేసవి అంతా కొమ్మలు పెంచుకుంటూ ఉంటాం. పూత చూసి కోద్దాం అనుకునేవారు పూలు వాడిన వెంటనే, ఏప్రిల్‌లోనే కోయాలి. నా మట్టుకు ఫిబ్రవరి చివరే ఇష్టం, ఎండలు ముదిరేలోపు చిగురుకు ఎక్కువ రోజులు దొరుకుతాయి. శరదృతువులో మాత్రం కోయకండి. లేత చిగురు మీద మంచు పడితే ఆ ఏడాది కష్టమంతా ఒక్క రాత్రితో సరి. గాయాలకు కోతల మీద పూసే పేస్టు పూయండి. బొటనవేలంత గాయం మూతపడటానికి ఈ చెట్టు ఏళ్ళు తీసుకుంటుంది, కాబట్టి పెద్ద కోతలు వెనుకవైపుకు వచ్చేలా ముందే చూసుకోవాలి. కోసిన కొమ్మలు కుక్కలకు, మేకలకు అందనీయకండి, ఆకులో విషం ఉంది.

హైదరాబాద్, విజయవాడ మిత్రులు అడుగుతుంటారు, మేము వేయవచ్చా అని. మైదానపు ఎండ ఒకటి, సున్నం నిండిన బోరునీళ్ళు ఒకటి, రెండూ అజేలియాకు పడవు. ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అక్కడ కాగితం పూల చెట్టు ఉండగా ఈ తంటా ఎందుకు? దాని ముదురు బోదెను నరికినా చిగురిస్తుంది.

నా రెండు చెట్లూ ఇప్పుడు కుండీల్లో ఉన్నాయి. విడతల కోత చెట్టుకు బోదె మీద ఆ ఎండు పట్టీ అలాగే ఉంది, నేను దాన్ని గోడవైపు తిప్పి పెడతాను. ఒక్క కోత చెట్టు పొట్టిదైపోయింది కానీ కొమ్మలన్నీ అనుకున్నచోట ఉన్నాయి. మొన్న ఏప్రిల్‌లో దాని మీద తొమ్మిది పూలు వచ్చాయి. ఫొటో పంపితే అమ్మ, “తొమ్మిదేనా?” అంది. మూడో పొద ఇంకా కిటికీ కిందే ఉంది. పైనుంచి ఒక రెమ్మకు ఎర్రదారం కట్టి పెట్టాను, ఫిబ్రవరిలో ఆ ఒక్కదాన్నీ వదిలేసి మిగతాదంతా కోస్తాను.