ట్రక్కు మీద కయాక్ కట్టుకుని కాడో లేక్, బ్రోకెన్ బో, ఆస్టిన్: ఎక్కడికి మోసుకెళ్ళొచ్చు, ఎక్కడికి దండగ

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఈ మధ్య కయాకులు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, తెగ కొంటున్నారు, సేల్ కనపడితే చాలు. కొన్నాక అది గ్యారేజీలో గోడకి ఆనుకుని ఉండిపోతుంది, ఎందుకంటే కొనడం తేలికే గానీ దాన్ని నీళ్ళ దాకా చేర్చడమే అసలు పని. మా బావ దగ్గర ఎఫ్-150 పికప్ ట్రక్కు ఉంది, వెనక సామాన్లు వేసే తొట్టి, అదే బెడ్, ఐదున్నర అడుగులే, కయాకులేమో 12 అడుగులవి రెండు. వెనక తలుపు, అంటే టెయిల్‌గేట్, దింపి బెడ్‌లోనే పెడితే నాలుగైదు అడుగులు బయటకి వేలాడతాయి, టెక్సస్‌లో 4 అడుగులు దాటితే పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర లైటు కట్టాలి, పైగా సిగ్నల్ దగ్గర వెనకోడు వచ్చి గుద్దుతాడేమోనని భయం. అందుకని బావ పైన ర్యాక్ పెట్టించాడు.

ర్యాక్ పెట్టించుకునేవాళ్ళకి ఒక మాట. ఒక బార్ మనం కూర్చునే క్యాబ్ మీద, ఇంకోటి బెడ్ మీద పెట్టించుకోకండి. పికప్‌లో క్యాబూ బెడ్డూ ఒకే ముక్క కాదు, గుంటలో పడ్డప్పుడు దేనికదే ఊగుతుంది, మధ్యలో నలిగేది కయాకే. బావ రెండు బార్లూ బెడ్ మీదే పెట్టించాడు, క్యాబ్ కంటే కొంచెం ఎత్తులో, కాబట్టి ముందు భాగం గాల్లో తేలుతూ ఉంటుంది, ముందు హుక్కులకి తాడు కట్టకపోతే హైవే మీద గాలికి లేస్తుంది. ఎక్కించడం కూడా మనిద్దరమూ చెరో పక్కా పట్టుకుని ఎత్తేద్దాం అంటే నడుం పోతుంది, ముందు కొనని వెనక బార్ మీద ఆనించి, తోక పట్టుకుని ముందుకి తోసుకుంటూ పోవాలి. బోర్లా పెడితే వాన పడినా లోపల నీళ్ళు నిలవవు.

స్ట్రాపుల సంగతి చెప్పకపోతే బావ ఊరుకోడు. లారీ సామాన్లకి వాడే రాట్చెట్ స్ట్రాపులు వద్దు, చేత్తో లాగి బిగించే క్యామ్ స్ట్రాపులు వాడాలి. టెక్సస్ ఎండకి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, రాట్చెట్ తిప్పేకొద్దీ బిగుసుకుని అడుగున సొట్ట పడుతుంది. స్ట్రాప్‌కి ఒక మెలిక వేస్తే దారంతా గుయ్యిమని మోగదు. కట్టిన కొత్తలో కొంచెం వదులవుతాయి కాబట్టి ఐ-20 ఎక్కాక టెరెల్‌లో బకీస్ దగ్గర ఆగి మళ్ళీ చూస్కోవడం మా అలవాటు. అక్కడ బంకు ఎంత పెద్దదంటే పొడుగు బండికి చోటు వెతుక్కోక్కర్లేదు, బాత్రూములు మాత్రం మెచ్చుకోవాల్సిందే. బావ కయాక్ కొన పట్టుకుని గట్టిగా ఊపుతాడు, ట్రక్కు కూడా దాంతోపాటు ఊగాలి, కయాక్ ఒక్కటే కదిలితే "ఏరా, ఇది నువ్వు కట్టిందేనా" అని మళ్ళీ మొదలు. 65 దాటకుండా కుడి లేన్‌లో పోతే మార్షల్ మీదుగా మధ్యాహ్నం లోపే కాడో చేరిపోవచ్చు.

కాడో లేక్ స్టేట్ పార్కుకి మాత్రం సొంత కయాక్ మోసుకెళ్ళడం సార్థకం. సగం టెక్సస్‌లో సగం లూసియానాలో ఉండే చెరువు ఇది, నీళ్ళల్లోనే సైప్రస్ చెట్లు, కొమ్మల నిండా బూడిదరంగు స్పానిష్ మాస్ బారెడు పొడుగున వేలాడుతుంటుంది. ప్రవేశం పెద్దవాళ్ళకి 4 డాలర్లు, పిల్లలకి ఫ్రీ. వీకెండ్‌కైతే డే పాస్ కూడా ముందే బుక్ చేస్కోండి, 30 రోజుల ముందు నుంచి ఇస్తారు. పార్కింగ్ నుంచి ర్యాంపు దగ్గరే, ట్రక్కు ర్యాంపు పక్కన ఆపి దింపుకుని, ఒకరు బండి తీసి పెట్టి వచ్చేలోపు ఇంకొకరు సామాన్లు సర్దేస్తారు. పడవలు అద్దెకి దొరుకుతాయి, పక్కనే అన్సర్టెన్ అనే చిన్న ఊళ్ళో కూడా. కానీ ఈ చెరువు అందం పొద్దున్నే, మంచు విడవక ముందే, అద్దె షాపు తెరిచేదాకా ఆగితే ఆ ముచ్చట పోయినట్టే. నవంబర్ మొదట్లో వెళ్తే చెట్లన్నీ తుప్పు రంగులోకి తిరిగి ఉంటాయి.

50 మైళ్ళకి పైనే ప్యాడ్లింగ్ దారులున్నాయి, నీళ్ళల్లో నంబర్ల బోర్డులు పాతి బోట్ రోడ్లని గుర్తులు పెట్టారు. బోర్డు నంబరు చూస్కుంటూ పోవాల్సిందే, చెట్లన్నీ ఒకేలా ఉంటాయి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేస్కోండి. ఆలిగేటర్లు ఉన్నాయి, వాటి జోలికి మనం పోకపోతే మన జోలికి అవి రావు. విసిగించేది మాత్రం జెయింట్ సాల్వీనియా అనే నీళ్ళ మీద తేలే కలుపు మొక్క. మన గుర్రపుడెక్క అక్కడా ఉంది గానీ ఇది దాన్ని మించిపోయింది, కొన్ని మలుపుల్లో నీళ్ళు కనపడకుండా పచ్చగా పరిచేసి ఉంటుంది, తెడ్డు దించితే దుప్పటిలో దించినట్టే, ఒక్కో తోపుకి పిడికెడు ఆకు పైకొస్తుంది. దీన్ని తినే చిన్న పురుగుల్ని పెంచి మరీ చెరువులో వదులుతున్నారు. మా బావది కైకలూరు వైపు, చిన్నప్పుడు కొల్లేట్లో తాటిదోనె తోలినవాడు, ఆయన గడ్డిలోంచి కూడా నింపాదిగా పోతుంటే నేను వెనకాల ఆపసోపాలు పడుతున్నా. బయటకొచ్చాక నీళ్ళన్నీ వంపేసి, అడుగుకి అంటిన ఆకు ముక్క కూడా లేకుండా తుడిచాకే పైకి ఎక్కించాలి, టెక్సస్‌లో అది చట్టం, కయాక్‌కి కూడా.

ఉండటానికి పార్కులో క్యాబిన్లు ఉన్నాయి, 1930లలో సీసీసీ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కుర్రాళ్ళు కట్టినవి, పాతవే గానీ దిట్టంగా ఉన్నాయి, ట్రక్కు గుమ్మం ముందే ఆపుకోవచ్చు, కయాకులు కళ్ళెదురుగానే. ఐదు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, వీకెండ్లు చటుక్కున అయిపోతాయి. దొరక్కపోతే జెఫర్సన్ ఊళ్ళో ఉండొచ్చు, ఒకప్పుడు స్టీమర్లు వచ్చిన రేవు, రెడ్ రివర్‌లో అడ్డం పడ్డ దుంగల గుట్టని 1873లో తీసేశాక నీళ్ళు తగ్గి రేవు చచ్చిపోయింది, ఇప్పుడు పాత ఇళ్ళన్నీ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్టులు. ఊరు బాగుంది, శాకాహారులకి తిండే కష్టం. అక్క తెచ్చిన పులిహోర, పెరుగన్నమే మమ్మల్ని కాపాడాయి.

ఓక్లహోమాలో బ్రోకెన్ బో సంగతి వేరు. బీవర్స్ బెండ్ పార్కులో లోయర్ మౌంటెన్ ఫోర్క్ నది చల్లగా, అద్దంలా ఉంటుంది, డ్యామ్ కింద నుంచి వచ్చే నీళ్ళు కదా, ఎండాకాలంలో కూడా కాళ్ళు జివ్వుమంటాయి, ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. నది మీద ఒకవైపే పోతాం కాబట్టి తిరిగి బండి దగ్గరకి ఎవరు తెస్తారనేది సమస్య, ఇద్దరు డ్రైవర్లు, రెండు బళ్ళు ఉంటే సరే, లేకపోతే అక్కడే అద్దెకి తీస్కోవడం మేలు. ఆ పక్కనే హోచాటౌన్ అనే ఊళ్ళో అద్దెకిచ్చే క్యాబిన్ల ఫోటోల్లో హాట్ టబ్ కనపడుతుంది గానీ అక్కడికి ఎక్కే దారి కనపడదు. మేము దిగినచోట కంకర రోడ్డు నిటారుగా, రెండు పక్కలా కొమ్మలు బాగా కిందకి, పైన కయాకులతో మా ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు, మా ఆవిడ దిగి ముందు నడుస్తూ కర్రతో కొమ్మలు ఎత్తిపట్టింది, చీకటిపడ్డాకైతే ఆ దారి ఎక్కేవాళ్ళం కాదు. ఓనరుకి మెసేజ్ పెడితే "అందరూ వస్తూనే ఉన్నారు" అని జవాబు. క్యాబిన్ లోపల మాత్రం వంక పెట్టడానికి లేదు. పార్కుని ఆనుకునే ఉన్న బ్రోకెన్ బో లేక్‌లో మా కయాకులు దింపాం, నీళ్ళు బాగున్నాయి గానీ ఎండాకాలం వీకెండ్‌లో మోటర్ బోట్ల అలలకి కుదురుగా ఉండలేం.

ఆస్టిన్‌కి అయితే ట్రక్కు పైన ఏమీ ఎక్కించకండి. లేడీ బర్డ్ లేక్‌లో పెట్రోల్ మోటర్ బోట్లు తిరగనివ్వరు, కయాక్‌కి అంతకంటే హాయి ఏముంది, సాయంత్రం కాంగ్రెస్ అవెన్యూ బ్రిడ్జి కింద నుంచి గబ్బిలాలు లక్షల్లో బయటకొస్తుంటే నీళ్ళ మీద నుంచి చూడొచ్చు, మార్చి నుంచి శరదృతువు దాకా ఉంటాయి. కానీ ఊరి మధ్యలో ఒడ్డున ట్రక్కు ఆపడానికి చోటు దొరకదు, డౌన్‌టౌన్‌లో మేము బుక్ చేసిన హోటల్ గ్యారేజీ ఎత్తు ఏడడుగుల లోపే, బయట ఓపెన్ లాట్ లేదు, బండి తీస్కెళ్ళి పార్క్ చేసే వాలేకి ఇవ్వబోతే పైన ఉన్నవి చూసి ఆ కుర్రాడు చేతులెత్తేశాడు. ఫోన్లో ముందే అడిగితే "పార్కింగ్ ఉంది సార్" అన్నవాళ్ళే. నాలుగు వీధుల అవతల ఓపెన్ లాట్‌లో పెట్టి, కేబుల్ లాక్ వేసి, రాత్రి ఒకసారి నేను పొద్దున్నే ఒకసారి బావ వెళ్ళి చూసొచ్చాం. లేక్ ఒడ్డునే అద్దె షాపులు బోలెడు, గంటకి ఇంతని తీస్కుంటారు, లైఫ్ జాకెట్ వాళ్ళే ఇస్తారు. గబ్బిలాల టైముకి వీకెండ్‌లో రష్ ఎక్కువ, మధ్యాహ్నమే వెళ్ళి బుక్ చేస్కోండి.